సజ్జ మీంచి దించిన స్పార్క్‌స్టేషన్: తెర నల్లగా ఉంటే బోర్డు పోయినట్టు కాదు

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాన్నగారు 1990ల్లో బాలానగర్‌లో డిజైన్ పని చేసుకున్న సన్ స్పార్క్‌స్టేషన్ 5 (సన్ కంపెనీ వర్క్‌స్టేషన్, డిజైన్ లాంటి పనులకు వాడే కంప్యూటర్) మల్కాజిగిరి ఇంట్లో పదిహేనేళ్లు సజ్జ మీద ఉంది. మొన్న దించి, తుడిచి, ప్లగ్ పెట్టారు. ఫ్యాను తిరిగింది. కీబోర్డు లైట్లన్నీ ఒకసారి వెలిగి ఆరిపోయాయి, తర్వాత క్యాప్స్ లాక్ లైటు కాసేపు మిణుకుమంది. అడాప్టర్ వేసి కలిపిన ఎల్‌సీడీ మానిటర్ మాత్రం నల్లగానే ఉంది. దగ్గర్లో ఉన్న కంప్యూటర్ షాపాయన చూసి, మదర్‌బోర్డు పోయింది, కబాడీకి వేసేయండి అన్నాడు. మీకు కావాల్సింది అందులో ఉన్న నాన్నగారి డ్రాయింగులు.

కబాడీకి వేయకండి. క్యాప్స్ లాక్ లైటు మిణుకుమందని మీరు రాసిన ఆ ఒక్క ముక్క చాలు, నాకు ధైర్యం వచ్చింది. సన్ మిషన్ ఆన్ చేయగానే తనను తాను పరీక్షించుకుంటుంది, అంతసేపూ ఆ లైటు వెలిగి ఆరుతూ ఉంటుంది. అది జరిగిందంటే ప్రాసెసర్ నడుస్తోంది, బూట్ ప్రామ్ అనే చిప్‌లో ఉన్న, మిషన్‌ని లేపే ప్రోగ్రాం చదవగలుగుతోంది, కీబోర్డుతో మాట్లాడగలుగుతోంది. పోయిన బోర్డు ఇవేవీ చేయదు. మీ మిషన్ ఏదో చెబుతోంది, అది మీకు కనపడే చోట చెప్పడం లేదు, అంతే. నేను 1995 నుంచి పద్నాలుగేళ్లు ఈ ఊళ్లో వర్క్‌స్టేషన్ల సర్వీసు చేశాను. తెర నల్లగా ఉందని నన్ను పిలిచిన చోట్ల నిజంగా బోర్డు పోయినవి చాలా తక్కువ.

అయితే ఒక్కమాట. ఇది చదివాక మళ్లీ స్విచ్ వేసి చూడకండి. ముందు డిస్కు బయటికి తీయండి. మీకు విలువైనది ఆ పెట్టెలో అదొక్కటే. మిగతా ఏ పార్టు కాలిపోయినా ఇంకో మిషన్‌లోంచి తెచ్చుకోవచ్చు, డ్రాయింగులు తెచ్చుకోలేం. పవర్ సప్లై ఆరోగ్యం తెలియకుండా పాత డిస్కుకి కరెంటు ఇచ్చిన ప్రతిసారీ దాన్ని పందెంలో పెట్టినట్టే. ఈ మోడల్‌లో డిస్కు 80 పిన్నుల కనెక్టర్‌తో నేరుగా సాకెట్‌లో కూర్చుంటుంది, విడిగా కేబుళ్లు ఉండవు. పైమూత తీస్తే పట్టుకుని లాగడానికి పిడి ఉన్న బ్రాకెట్ కనపడుతుంది. మెల్లగా వెనక్కి లాగండి. రెండు డిస్కులుంటే ఏది ఏ సాకెట్‌లో ఉందో మార్కర్‌తో రాసి, మెత్తటి గుడ్డలో చుట్టి పక్కన పెట్టండి. మొదటి పరీక్షలన్నీ డిస్కు లేకుండానే చేస్తాం. మిషన్ పలకడానికి డిస్కు అక్కర్లేదు.

తర్వాత దుమ్ము. మన ఊళ్లో సజ్జ మీద పదిహేనేళ్లంటే దుమ్ము ఒక్కటే కాదు, బల్లులు కూడా. బాలానగర్‌లోనే ఒక వర్క్‌షాపులో పవర్ సప్లై విప్పితే లోపల ఎండిపోయిన బల్లి, ఒక కాలు హై వోల్టేజి వైపు, తోక ఇంకో వైపు పడి ఉంది. దాని కింద ట్రాకు నల్లగా మాడిపోయి ఉంది. బల్లి గుడ్ల పెంకులు, చీమలు పోసిన మట్టి, బొద్దింకల రెట్ట, ఇవన్నీ వానాకాలం తేమ పట్టగానే కరెంటు పారడానికి దారి అవుతాయి. మెత్తటి బ్రష్‌తో, తక్కువ గాలి పెట్టిన బ్లోయర్‌తో శుభ్రం చేయండి. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో పట్టుకోండి, గాలికి గిర్రున తిరిగితే బేరింగ్ పాడవుతుంది. తడి గుడ్డ వద్దు. మరక ఉన్నచోట ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పాత టూత్‌బ్రష్ చాలు.

ఇక పవర్ సప్లై. ఫ్యాను తిరుగుతోంది కాబట్టి సప్లై బాగుందని అనుకోవద్దు. ఫ్యాను నడిచేది 12 వోల్టుల మీద. బోర్డు బతికేది 5 వోల్టుల మీద. ఆ 5 సంగతి ఫ్యాను చెప్పదు. ఫ్లాపీ, సీడీ లాంటి ఇతర డ్రైవులకు వెళ్లే పవర్ వైర్లలో ఎరుపు 5 వోల్టులు, పసుపు 12, నలుపు గ్రౌండ్. మిషన్ ఆన్‌లో ఉండగా మీటర్ పెట్టి ఎరుపుకీ నలుపుకీ మధ్య చూడండి. 4.75 నుంచి 5.25 లోపల ఉండాలి. 4.6 దగ్గర తచ్చాడుతుంటే మిషన్ సగం మేలుకుని ఆగిపోతుంది, అది చూసి అందరూ బోర్డు పోయిందనుకుంటారు. ఆన్ చేసిన వెంటనే ఒకసారి, పది నిమిషాలయ్యాక ఒకసారి కొలవండి. చల్లగా ఉన్నప్పుడు తక్కువ చూపించి వేడెక్కాక సరైపోతే అవుట్‌పుట్ వైపు కండెన్సర్లు ఎండిపోయాయని అర్థం.

వోల్టేజి తేడాగా ఉంటేనే సప్లై విప్పండి. ఈ ఒక్క చోట తొందరపడకండి. మన 230 వోల్టుల లైను డీసీగా మారాక లోపలి పెద్ద కండెన్సర్‌లో దాదాపు 325 వోల్టులు నిలుస్తాయి, ప్లగ్ పీకినా కాసేపు ఉంటాయి. ప్లగ్ తీసి పావుగంట ఆగి, మీటర్‌తో ఆ కండెన్సర్ కాళ్ల మధ్య చూసి, వోల్టేజి పూర్తిగా దిగిందని తేలాకే చెయ్యి పెట్టండి. ఈ పని ఎప్పుడూ చేయకపోతే టీవీ సర్వీసు చేసే పాత మెకానిక్ ఎవరినైనా పక్కన కూర్చోబెట్టుకోండి. అవుట్‌పుట్ వైపు కండెన్సర్ల తల ఉబ్బిందా, అడుగున జిగురులా ఏదైనా కారిందా చూడండి. సోల్డరింగ్ ఐరన్ పెట్టి కాలు కరిగించినప్పుడు చేపల వాసన వస్తే అది లీకైన రసమే. కోఠీ గుజరాతీ గల్లీలో అదే విలువకి, అదే వోల్టేజికి లేదా ఒక మెట్టు పైదానికి, 105 డిగ్రీల 'లో ఈఎస్ఆర్' (లోపలి నిరోధం తక్కువ ఉన్న) రకం అడిగి తెచ్చుకోండి. మామూలు 85 డిగ్రీల రకం అంటగడతారు, వద్దనండి. మళ్లీ బిగించాక నేరుగా ప్లగ్‌లో పెట్టకుండా లైను వైరుకి 100 వాట్ల సిరీస్ బల్బు వేసి ఆన్ చేయండి, పాత ఫిలమెంట్ బల్బు, ఎల్‌ఈడీ పనికిరాదు. బల్బు ఒక్కసారి వెలిగి తగ్గిపోతే లోపల షార్ట్ లేనట్టే. నిండుగా వెలుగుతూ ఉండిపోతే వెంటనే ఆపేయండి.

మీ ఇంట్లో ఎర్తింగ్ ఉందో లేదో కూడా చూసుకోండి. మిషన్ డబ్బా తాకితే జివ్వుమంటే ఎర్త్ లేదన్నమాట. ఆ స్థితిలో ల్యాప్‌టాప్‌ని దానికి కలిపితే సీరియల్ పోర్టు కాలే ప్రమాదం ఉంది. రెండూ ఒకే స్విచ్‌బోర్డులోంచి, ఎర్త్ ఉన్న ప్లగ్‌లోంచే తీసుకోండి.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. మిషన్‌ని పలికించాలి. మానిటర్‌ని పక్కన పెట్టేయండి. సన్ మిషన్లకు ఒక మంచి గుణం ఉంది. ఆన్ చేసేటప్పుడు కీబోర్డు కనపడకపోతే తన మాటలన్నీ 'సీరియల్ A' అనే పోర్టుకి పంపుతాయి. కాబట్టి మిషన్ ఆఫ్‌లో ఉండగా కీబోర్డు తీసేయండి. ఆన్‌లో ఉండగా మాత్రం పీకకండి, నడుస్తున్న మిషన్ అక్కడికక్కడే ఆగి ప్రాంప్ట్‌కి పడిపోతుంది. వెనక 25 పిన్నుల సీరియల్ సాకెట్ ఉంటుంది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీలో (కంప్యూటర్ షాపుల కాంప్లెక్స్) యూఎస్‌బీ నుంచి సీరియల్‌కి మార్చే కేబుల్ అడగండి, చివర 9 పిన్నులు ఉన్నది. ఆర్డినో వాళ్లు వాడే చిన్న టీటీఎల్ బోర్డు వద్దు. ఇక్కడ వచ్చే వోల్టేజి దానికి ఎక్కువ, ఉల్టా వోల్టేజి కూడా వస్తుంది, కాలిపోతుంది.

మధ్యలో కలపాల్సినవి మూడే వైర్లు. 25 పిన్నుల వైపు 2ని 9 పిన్నుల వైపు 2కి, 3ని 3కి, 7ని 5కి. దీన్నే షాపుల్లో నల్ మోడెమ్ కేబుల్ అంటారు. రెడీమేడ్ దొరక్కపోతే రెండు కనెక్టర్లు కొని అరగంటలో టాంకా వేసుకోవచ్చు. ల్యాప్‌టాప్‌లో పుట్టీ (సీరియల్‌లో వచ్చేది చూపించే ప్రోగ్రాం) తెరిచి, స్పీడు 9600, డేటా బిట్లు 8, పారిటీ లేదు, స్టాప్ బిట్ 1, ఫ్లో కంట్రోల్ ఆఫ్ పెట్టండి. మిషన్ ఆన్ చేయండి.

ఆన్ చేశాక ఓపిక పట్టండి. లోపలి బ్యాటరీ అయిపోయిన మిషన్లు ఒక్కోసారి వాటంతట అవే పూర్తి పరీక్షలో పడతాయి, మెమరీ ఎక్కువుంటే చాలా నిమిషాలు తీసుకుంటాయి. పదిహేను నిమిషాలు కదలకుండా కూర్చోండి. ఒక కస్టమర్ దగ్గర రెండు నిమిషాలకోసారి ఆపి మళ్లీ ఆన్ చేస్తూ ఒక పూటంతా గడిపారు, ఒక్కసారీ పరీక్ష ముగియనివ్వలేదు. నేను వెళ్లి చేసిందల్లా ఆగడమే.

ల్యాప్‌టాప్ తెర మీద ఐడీప్రామ్ కంటెంట్స్ ఇన్‌వాలిడ్ అనీ, ఈథర్నెట్ అడ్రస్ చోట అన్నీ ఎఫ్‌లు గానీ సున్నాలు గానీ, ఆ తర్వాత టైమవుట్ వెయిటింగ్ ఫర్ ఆర్ప్ రార్ప్ ప్యాకెట్ అని వరసగా వస్తుంటే సంతోషించండి. మీ విషయంలో నేను ఎదురుచూస్తున్నది ఇదే. బోర్డు బాగుంది. అది జ్ఞాపకం మాత్రమే పోగొట్టుకుంది. ఎక్కణ్నుంచి బూట్ అవ్వాలో తెలియక నెట్‌వర్క్‌లో ఎవరైనా దారి చూపుతారేమోనని అడుగుతోంది. సన్ కీబోర్డు తీసేశాం, దాని మీది స్టాప్ కీ లేదు కాబట్టి పుట్టీ మెనూలోంచి బ్రేక్ పంపితే 'ఓకే' అనే ప్రాంప్ట్ వస్తుంది.

ఆ జ్ఞాపకం ఉండేది ఒక చిప్‌లో. పేరు ఎం48టీ08, 28 కాళ్లు, మిగతా చిప్‌ల కంటే రెట్టింపు ఎత్తుగా, పైన నల్ల దిమ్మలా ఉంటుంది. ఆ దిమ్మలోనే లిథియం సెల్, గడియారం క్రిస్టల్ రెండూ పోతపోసి ఉంటాయి. సెల్ ఆయుష్షు సుమారు పదేళ్లు. సెల్ అయిపోతే మిషన్ సెట్టింగులు, ఈథర్నెట్ అడ్రస్, హోస్ట్ ఐడీ (మిషన్ గుర్తింపు నంబరు) అన్నీ పోతాయి. 1994లో వచ్చిన ఈ మోడల్‌లో, చిప్ ఎప్పుడూ మార్చకపోతే, ఇప్పటికి సెల్ చచ్చిపోయే ఉంటుంది.

ఆ చిప్ మీద చెయ్యి వేసేముందు దాని స్టిక్కర్‌కి ఫొటో తీయండి. చిన్న బార్‌కోడ్, దాని దగ్గర కొన్ని అంకెలు అక్షరాలు ఉంటాయి. మీ నాన్నగారి మిషన్ గుర్తింపు అదే. అప్పట్లో డిజైన్ సాఫ్ట్‌వేర్ల లైసెన్సులు హోస్ట్ ఐడీకి ముడిపెట్టి ఇచ్చేవాళ్లు. నంబరు మారితే సాఫ్ట్‌వేర్ తెరుచుకోదు. డ్రాయింగు ఫైళ్లు చేతికొచ్చినా వాటిని అసలు రూపంలో చూడాలంటే ఆ సాఫ్ట్‌వేర్ కావాలి. అందుకే నోటికొచ్చిన నంబరు వేసి పని కానివ్వమని చెప్పే సలహాలు మీకు సరిపడవు. స్టిక్కర్ చెరిగిపోయి ఉంటే నాన్నగారి పాత ఫైళ్లలో లైసెన్సు కాగితం వెతకండి, 80తో మొదలయ్యే ఎనిమిది అంకెల నంబరు ఉంటే అదే హోస్ట్ ఐడీ. కాగితం లేకపోయినా డిస్కులో లైసెన్సు ఫైలు ఉంటుంది, అందులోనూ ఇదే నంబరు ఉంటుంది.

నంబరు దొరికాక చేయాల్సింది ఇది. ఓకే ప్రాంప్ట్ దగ్గర ముందు 'సెట్-డిఫాల్ట్స్' కొట్టండి. తర్వాత ఎంకేపీ అనే కమాండ్‌తో పదహారు స్థానాలు నింపాలి, అన్నీ హెక్సా అంకెల్లో (0 నుంచి 9, ఆ తర్వాత ఏ నుంచి ఎఫ్), ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో. పద్ధతి: విలువ, స్థానం, ఎంకేపీ. '1 0 ఎంకేపీ' అంటే సున్నా స్థానంలో 1 పడుతుంది. '80 1 ఎంకేపీ' అంటే ఒకటో స్థానంలో మిషన్ రకం. 2 నుంచి 7 వరకు ఈథర్నెట్ అడ్రస్. సన్ మిషన్లకు అది 8, 0, 20తో మొదలవుతుంది, మిగిలిన మూడు మీ మిషన్‌వి. 8 నుంచి బీ వరకు తయారీ తేదీ, సున్నాలు వేస్తే చాలు. సీ, డీ, ఈ స్థానాల్లో హోస్ట్ ఐడీలోని 80 తర్వాతి మూడు జతలు. చివరిది, ఎఫ్ స్థానం, చెక్‌సమ్, అంటే మిగతావి సరిగా ఉన్నాయో చూసుకునే అంకె. ముందున్న పదిహేనింటినీ ఎక్స్‌ఆర్ (బిట్లవారీగా పోల్చే లెక్క) చేస్తే వచ్చేది. ఈథర్నెట్ చివరి మూడూ, హోస్ట్ ఐడీ మూడూ ఒకటే అయితే ఎక్స్‌ఆర్‌లో ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. మిగిలేవి 1, 80, 8, 20, వాటి ఫలితం ఏ9. అక్కడ ఏ9 వేస్తే సరిపోతుంది. రెండూ వేరైతే లెక్కించి వేయండి. తర్వాత 'బ్యానర్' కొడితే మీ అడ్రస్, హోస్ట్ ఐడీ కనపడాలి.

సెల్ చచ్చింది కాబట్టి ఇదంతా మిషన్ ఆఫ్ చేసేదాకే నిలుస్తుంది. మొదట్లో పర్వాలేదు, మీ పనికి ఆ కాసేపు చాలు. శాశ్వతంగా కావాలంటే రెండు దారులు. ఒకటి కొత్త చిప్. అయితే ఇప్పుడు కొత్తదని అమ్మేవాటిలో పాత బోర్డుల్లోంచి పీకి మార్కు తుడిచి మళ్లీ అచ్చేసినవి చాలా ఉన్నాయి, వాటిలో సెల్ కూడా పాతదే. రెండోది, నాకు నచ్చినది, దిమ్మను ఆకురాయితో మెల్లగా అరగదీసి, లోపలి సెల్‌కి వెళ్లే రెండు తీగలు బయటపడ్డాక పాత సెల్ కనెక్షన్ తెంపి, బయట సీఆర్2032 హోల్డర్ టాంకా వేయడం. పాతదాన్ని తెంపకుండా కొత్త సెల్ కలపకండి, కొత్తది కూడా అందులోకి ఖాళీ అయిపోతుంది. ఈ పనికి స్టిక్కర్ చిరుగుతుంది, ఫొటో ముందే తీయమన్నది అందుకే.

సీరియల్‌లో ఒక్క అక్షరం కూడా రాకపోతే మెమరీ చూడండి. మాడ్యూళ్లన్నీ తీసి, పెన్సిల్ రబ్బరుతో అంచులు మెత్తగా రుద్ది, పొడి దులిపి, మొదటి స్లాట్‌లో ఒక్కటే పెట్టి ప్రయత్నించండి. మొదటి స్లాట్ ఖాళీగా ఉంటే ఈ మిషన్ లేవదు. చూడ్డానికి పీసీ 168 పిన్నుల మెమరీలా ఉన్నా అది వేరే జాతి, పీసీది పెట్టకండి. ఎస్‌బస్ కార్డులు (సన్ మిషన్లలో అదనంగా గుచ్చే కార్డులు) కూడా తీసి చూడండి.

మానిటర్ సంగతి ఒక్క ముక్క. ఈ మోడల్‌లో డిస్‌ప్లే బోర్డు మీద ఉండదు, కార్డులో ఉంటుంది. 13డబ్ల్యూ3 అనే మానిటర్ సాకెట్‌లోంచి 1152×900, 66 హెర్ట్జ్ లాంటి సిగ్నల్ వస్తుంది, సింక్ కూడా కలిపి పంపుతుంది. చాలా ఎల్‌సీడీలు దాన్ని పట్టుకోలేవు. పైగా అడాప్టర్ ఎస్‌జీఐ అనే వేరే కంపెనీ మిషన్లకు చేసినదైతే సాకెట్ ఆకారం అదే, పిన్నులు వేరు. మీ తెర నల్లగా ఉండటానికి ఇదొక్కటే కారణమై ఉండొచ్చు కూడా.

చివరికి డిస్కు. దాన్ని మొదట స్పార్క్‌స్టేషన్‌లో పెట్టి బూట్ చేయకండి. సొలారిస్ (సన్ మిషన్ల ఆపరేటింగ్ సిస్టం) లేవగానే డిస్కు మీద రాయడం మొదలుపెడుతుంది, బలహీనమైన డిస్కుకి అది మంచిది కాదు. స్కజీ కార్డు (ఈ రకం పాత డిస్కులు కలిపే కార్డు) ఉన్న లినక్స్ పీసీలో, 80 పిన్నులని మార్చే అడాప్టర్‌తో, కేబుల్ చివర టర్మినేటర్ పెట్టి కలపండి. 80 పిన్నుల డిస్కులో టర్మినేటర్ ఉండదు. సీటీసీలో పాత సర్వర్లు కొని అమ్మేవాళ్ల దగ్గర ఈ కార్డు, అడాప్టర్ అడగండి. కరెంటు ఇచ్చినప్పుడు డిస్కు సన్నగా మొదలై స్థిరమైన ఈలలా నిలబడితే మంచిదే. కటక్ కటక్ అంటే తక్షణం ఆపి నాకు రాయండి, రెండోసారి ప్రయత్నించకండి. అసలు తిరగకపోతే తలలు పళ్లేనికి అతుక్కుపోయి ఉండొచ్చు. దానికీ దారి ఉంది, తట్టడం మాత్రం వద్దు.

తిరిగితే డీడీరెస్క్యూ అనే కాపీ ప్రోగ్రాంతో డిస్కు మొత్తాన్ని ఒక ఇమేజ్ ఫైలుగా తీసుకుని అసలు డిస్కు పక్కన పెట్టేయండి. ఆపై పనంతా కాపీ మీదే. లినక్స్‌లో ఆ ఇమేజ్‌ని యూఎఫ్ఎస్ (సొలారిస్ ఫైళ్లు దాచే పద్ధతి), సన్ రకం, రీడ్ ఓన్లీ అని మౌంట్ చేస్తే నాన్నగారి ఫోల్డర్లు కనపడతాయి. పాస్‌వర్డ్ గుర్తులేదని బెంగపడ్డారు కదా, ఈ పద్ధతిలో అది అక్కర్లేదు. తర్వాత మిషన్‌ని మళ్లీ నడపాలనిపిస్తే ఆ ఇమేజ్‌ని బ్లూస్కజీ లాంటి, డిస్కు బదులు మెమరీ కార్డు వాడే బోర్డులో వేసి పెట్టొచ్చు, పాత డిస్కుకి విశ్రాంతి. ఈ మిషన్‌కి పనికొచ్చే చివరి సొలారిస్ 9, సొలారిస్ 10 దీని మీద ఎక్కదు కాబట్టి ఎవరైనా అప్‌గ్రేడ్ చేయమంటే వినకండి.

ముందు డిస్కు తీసి, 5 వోల్టులు కొలిచి, మూడు వైర్లు కలపండి. పుట్టీలో వచ్చిన మొదటి ఇరవై లైన్లు ఉన్నవి ఉన్నట్టు కాపీ చేసి, మీటర్ చూపిన అంకెతో పాటు పంపండి. స్టిక్కర్ ఫొటో కూడా స్పష్టంగా తీసి పెట్టుకోండి. చెక్‌సమ్ లెక్క నేను ఒకసారి సరిచూస్తాను.